నిజాం ఆపమన్నా ఆగని డబ్బు.. 1948లో ఒక్క ఆర్డర్, 71 ఏళ్ల కేసు!

హైదరాబాద్: ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా పేరున్న రాజు. తన డబ్బు తిరిగి ఇచ్చేయమని లండన్ బ్యాంకుకి కబురు పెట్టాడు. బ్యాంకు కుదరదంది! ఖాతాలో డబ్బు లేక కాదు. అడుగుతున్నది ఎవరో తెలియక కూడా కాదు. వారం రోజుల ముందే ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి వెళ్లిపోయింది. పంపించిన మనిషికి ఆ అధికారం ఉన్నట్టే బ్యాంకు కాగితాల్లో ఉంది. అంతే.. 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్ము 71 ఏళ్ల పాటు ఎవరికీ దక్కకుండా ఉండిపోయింది.

ఆ రాజు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన నగల గురించి, పొదుపు గురించి కథలు చాలానే విని ఉంటారు. కానీ ఆయన జీవితంలో ఈ కేసు చెప్పే పాఠం వేరే. ఫోన్‌లో ఓటీపీ కొట్టి డబ్బు పంపే ప్రతి ఒక్కరికీ ఈ రోజుకీ పనికొచ్చే పాఠం అది.

పురానీ హవేలీ నుంచి కింగ్ కోఠీ దాకా

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పాతబస్తీలోని పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టు 29న తండ్రి చనిపోవడంతో 25 ఏళ్ల వయసులో గద్దెనెక్కారు. దర్బార్లు జరిగే చౌమహల్లా ప్యాలెస్ పాతబస్తీలోనే ఉన్నా, ఆయన మాత్రం మూసీ అవతల కింగ్ కోఠీలో ఉండటానికే ఇష్టపడ్డారు.

కింగ్ కోఠీ పేరు వెనుక కూడా ఓ కథ చెప్పుకుంటారు. ఆ భవనం మొదట కమాల్ ఖాన్ అనే ఆయనది. తలుపులు, కిటికీల మీద తన పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు, కే కే అని చెక్కించుకున్నాడు. భవనం యువరాజు చేతికొచ్చాక అవన్నీ తీయించడం ఎందుకని, ఆ రెండు అక్షరాలకు సరిపోయేలా కింగ్ కోఠీ అని పేరు పెట్టేశారట! తలుపు మీద గుర్తు మారలేదు. ఓనర్ మాత్రం మారిపోయాడు. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. గుర్తు ఒకటే ఉన్నంత మాత్రాన వెనుక ఉన్న హక్కు కూడా అదే అనుకోవడానికి లేదు. లండన్ కథలో ఇదే అసలు పాయింట్.

చార్మినార్ కమాన్‌లో ఓ అక్షరం

ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కేనాటికి 1908 సెప్టెంబర్ నాటి మూసీ వరద గాయాలు హైదరాబాద్‌లో ఇంకా మానలేదు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్లాన్ దారిలో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు అంటే సిటీ జనానికి ఉన్న మోజు అప్పటిదే. నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డున ఇప్పుడు కనిపించే హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. ఉర్దూ మీడియంలో పై చదువులు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీకి 1918లో ఫర్మానా ఇచ్చారు.

అన్నిటికీ మించి హైదరాబాద్‌కు సొంత కరెన్సీ ఉండేది. పేరు ఉస్మానియా సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయితో సమానం కాదు. 7 సిక్కా రూపాయలకు 6 ఇండియా రూపాయలు వచ్చేవి. 1918 నుంచి నోట్లు కూడా వచ్చాయి. 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పెట్టారు. తర్వాత అదే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయ్యింది. 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది.

ఆ సిక్కా రూపాయి బిళ్ల మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. బాగా దగ్గరగా చూస్తే మధ్య కమాన్‌లో ఒక అక్షరం కనిపిస్తుంది. తండ్రి కాలం నాణెంలో మహబూబ్ పేరులోని మీమ్. కొడుకు కాలం నాణెంలో ఉస్మాన్ పేరు మొదలయ్యే ఐన్. ఏ రాజు మాట మీద ఈ బిళ్ల చెల్లుతుందో ఆ ఒక్క అక్షరం చెప్పేస్తుంది. రాజు మారితే అక్షరం మారుతుంది. ఎవరు ఇచ్చారు, ఎప్పటిది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు బిళ్ల మీదే ఉందన్నమాట.

ఏది రాజుది? ఏది రాజ్యానిది?

1937లో ఆయన సిల్వర్ జూబ్లీ జరిగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన టైమ్ మ్యాగజైన్ ఆయన ఫొటోను కవర్ మీద వేసింది. తండ్రి పాత చెప్పులో దొరికిన జాకబ్ వజ్రాన్ని ఈయన టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారన్న కథ ఇప్పటికీ నడుస్తోంది. 184 క్యారెట్లకు పైగా ఉన్న ఆ వజ్రం ఇప్పుడు భారత ప్రభుత్వం దగ్గర ఉంది.

అయితే నిజాం డబ్బు అంటే ఒకే సంచి కాదు. రాజ్యం ఆదాయం దీవానీ ఖాతాలోది. రాజు సొంత జాగీర్ల ఆదాయం సర్ఫ్-ఎ-ఖాస్ ఖాతాలోది. పైన కూర్చున్నది ఒకే మనిషి. కానీ దస్త్రాలు వేరు, సిబ్బంది వేరు. ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టొచ్చు అన్నదే ఈ ఏర్పాటుకి ప్రాణం.

ఇంత ఐశ్వర్యం ఉన్న రాజ్యంలోనే తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరి నడిచింది. దొరలు, దేశ్‌ముఖ్‌ల కింద రైతులు నలిగిపోయారు. 1946 నుంచి సాయుధ పోరాటం లేచింది. ఆ తర్వాత ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. ఆ రోజుల గురించి ఇప్పటికీ ఎన్నో కుటుంబాల్లో చెప్పుకుంటూనే ఉంటారు. ఉస్మాన్ అలీ ఖాన్‌ను తలుచుకునేటప్పుడు చెరువులు, ఆస్పత్రులు ఎంత నిజమో, ఇదీ అంతే నిజం.

1948 సెప్టెంబర్.. ఆ మూడు రోజులు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక నిజాం భారత్‌లో కలవలేదు. 1947 నవంబర్ 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం మాత్రం చేసుకున్నారు. అది నిలబడలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాష్ట్రంలోకి వచ్చింది. అదే ఆపరేషన్ పోలో. 17న నిజాం లొంగిపోయారు. ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం రాజీనామా చేసింది.

అదే టైమ్‌లో మొయిన్ నవాజ్ జంగ్ విదేశాల్లో ఉన్నారు. ఆయన నిజాం ప్రభుత్వంలో ఆర్థిక, విదేశీ వ్యవహారాలు చూసిన మంత్రి. హైదరాబాద్ విషయాన్ని ఐక్యరాజ్యసమితిలో వినిపించడానికి వెళ్లిన బృందానికి పెద్ద. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వానికి ఓ ఖాతా ఉండేది. దాన్ని నడిపే అధికారం ఆయనకు ఉంది.

సెప్టెంబర్ 20. ఆయన ఇచ్చిన ఆర్డర్ ప్రకారం ఆ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు బయటకు వెళ్లాయి. చేరింది ఎక్కడికి? బ్రిటన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్‌గా ఉన్న హబీబ్ ఇబ్రహీం రహీంతుల్లా పేరు మీద ఉన్న ఖాతాలోకి!

డేట్లు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. 17న ప్రభుత్వం పోయింది. 20న ఆ ప్రభుత్వం తరఫున డబ్బు కదిలింది. మంత్రి పదవి ఇచ్చిన ప్రభుత్వమే లేదు. కానీ బ్యాంకు దగ్గరున్న కాగితాల్లో ఆయన అధికారం అలాగే ఉంది.

సెప్టెంబర్ 27న నిజాం బ్యాంకుకి కబురు పంపారు. ఈ బదిలీకి తన అనుమతి లేదు, డబ్బు వెనక్కి వేయండి అన్నది దాని సారాంశం. డబ్బు ఇప్పుడు ఎవరి ఖాతాలో ఉందో వాళ్లు ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీయలేమని బ్యాంకు తేల్చేసింది.

బ్యాంకు అడిగిన ప్రశ్న ఒకటి.. అడగని ప్రశ్న ఇంకొకటి

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఆర్డర్ ఇచ్చింది నిజంగా మొయిన్ నవాజ్ జంగేనా? ఇది మొదటిది. ఈ రోజు, ఈ పనికి ఆయనకు అనుమతి ఉందా? ఇది రెండోది. మొదటి దానికి జవాబు పక్కాగా అవును. దొంగ సంతకం కాదు, వేషం వేసుకొచ్చిన మనిషి కాదు. గొడవంతా రెండో ప్రశ్న దగ్గరే.

అప్పట్లో బ్యాంకులు మనిషిని గుర్తుపట్టడానికి పద్ధతులు బాగానే పెట్టుకున్నాయి. నమూనా సంతకం కార్డు ఉండేది. టెలిగ్రామ్‌కి సంతకం ఉండదు కాబట్టి, తేదీ, మొత్తం కలిపి లెక్కకట్టే టెస్ట్ కీ అనే అంకెను బ్యాంకులు తమ మధ్య వాడుకునేవి. అంకె సరిపోతేనే టెలిగ్రామ్ నిజమైనది అని లెక్క. ఇవన్నీ మనిషి ఎవరో తేల్చే పద్ధతులు. నిన్నటి దాకా ఉన్న అధికారం ఈ రోజు పోయిందా అన్నది తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు కబురు చెప్పాల్సిందే. ఆ కబురు హైదరాబాద్ నుంచి లండన్ చేరేసరికి వారం ఆలస్యమైపోయింది.

ఇప్పుడైతే ఎలా చెక్ చేస్తారు?

ఇదంతా రాజుల కాలం గొడవ అనుకుంటే పొరపాటే. పేరు మారిందంతే. అప్పట్లో ఆర్డర్ ఇచ్చిన మంత్రి స్థానంలో ఇప్పుడు మీ ఫోన్‌లోని యాప్ ఉంది. దాన్ని క్లయింట్ అంటారు. బ్యాంకు గుమాస్తా స్థానంలో ఎక్కడో ఉన్న సర్వర్ ఉంది. చార్మినార్ దగ్గర గాజుల షాపులో క్యూఆర్ స్కాన్ చేసిన ప్రతిసారీ ఆ రెండు ప్రశ్నలూ సెకన్లలో జరిగిపోతాయి. మీరు ఎవరో తేల్చడం ఆథెంటికేషన్. మీకు ఆ పని చేసే అనుమతి ఉందో లేదో చూడటం ఆథరైజేషన్.

సర్వర్ ఈ పని సరిగ్గా చేస్తోందా అని హైటెక్ సిటీ ఇంజినీర్లు కమాండ్ లైన్ నుంచే పరీక్షిస్తారు. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్ల స్క్రీన్ మీద ఒక లైన్ కొడతారు, సర్వర్ జవాబు చూస్తారు. దానికి కర్ల్ అనే చిన్న టూల్ చాలా మందికి అలవాటు. పరీక్ష ఇలా సాగుతుంది.

మొదట పాస్‌వర్డ్ లేకుండా అడుగుతారు. 401 రావాలి. నువ్వెవరో తేలలేదు అని అర్థం. తర్వాత తప్పు పాస్‌వర్డ్ ఇస్తారు. మళ్లీ 401 రావాలి. సరైన పాస్‌వర్డ్ ఇస్తే 200, అంటే పని అయినట్టు. ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్‌తోనే, తనకు సంబంధం లేని ఖాతా అడుగుతారు. అప్పుడు 403 రావాలి. నువ్వెవరో తెలుసు, కానీ దీనికి నీకు అనుమతి లేదు అని అర్థం.

అసలు పరీక్ష ఆఖర్లో ఉంటుంది. ఒక యూజర్ లాగిన్ అయినప్పుడు సర్వర్ ఇచ్చిన టోకెన్‌ను పక్కన పెట్టుకుంటారు. ఆ యూజర్ ఖాతాను మూసేస్తారు. మూసేశాక పాత టోకెన్‌తోనే మళ్లీ అడుగుతారు. సర్వర్ వద్దంటే సేఫ్. 200 అని వచ్చిందంటే.. 1948 సెప్టెంబర్ 20న జరిగింది అదే! గద్దె పోయింది, టోకెన్ మాత్రం ఇంకా చెల్లుతోంది.

పెద్ద పెద్ద ఆఫీస్ నెట్‌వర్క్‌లలో దీనికి కెర్బరోస్ అనే పద్ధతి వాడతారు. 1980లలో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. ఇందులో లాగిన్ అయిన వాళ్లకు కొన్ని గంటలే చెల్లే టికెట్ ఇస్తారు. కే-ఇనిట్ అని కొడితే టికెట్ వస్తుంది. కే-లిస్ట్ కొడితే ఎప్పటి దాకా చెల్లుతుందో చూపిస్తుంది. టైమ్ అయిపోతే ఎవరూ రద్దు చేయక్కర్లేదు, దానంతట అదే పనికిరాకుండా పోతుంది. మామూలు సెట్టింగ్‌లో క్లయింట్ గడియారానికి, సర్వర్ గడియారానికి 5 నిమిషాలకు మించి తేడా ఉన్నా ఒప్పుకోదు. కే-డిస్ట్రాయ్ కొడితే మన దగ్గరున్న టికెట్ చెరిగిపోతుంది. కానీ దాన్ని అంతకుముందే ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే? గడువు తీరేదాకా ఆ కాపీ చెల్లే ప్రమాదం ఉంది. అందుకే గడువు చిన్నగా పెడతారు. మంత్రికిచ్చిన అధికారానికి అలాంటి గడువు ఏదీ అడ్డు రాలేదు.

కోర్టు మెట్లెక్కిన రాజు

1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. ఫర్మానాలు ఇచ్చిన చేత్తోనే ప్రజా ప్రభుత్వం కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం వచ్చేది. అయినా లండన్ డబ్బును వదల్లేదు.

1954లో ఇంగ్లండ్ కోర్టులో కేసు వేశారు. అప్పీల్ కోర్టు దాకా వెళ్లి గెలుపు దగ్గరికొచ్చారు. కానీ 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ బ్రేక్ వేసింది. ఆ డబ్బు మీద పాకిస్తాన్ హక్కు అడుగుతోంది. అది ఇంకో సర్వసత్తాక దేశం. దాని ఒప్పుకోలు లేకుండా ఇంగ్లండ్ కోర్టు విచారణ చేయకూడదు అన్నది తీర్పు. అంటే డబ్బు ఎవరిదో తేలలేదు. తేల్చే దారే మూసుకుపోయింది. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా ఖాతాను అలాగే ఉంచింది. వడ్డీ మాత్రం పెరుగుతూ పోయింది.

1965లో నిజాం ఆ డబ్బు మీద తనకున్న హక్కును భారత రాష్ట్రపతి పేరుకు రాసిచ్చారు. 1948లో తన సైన్యం ఏ దేశానికి లొంగిపోయిందో, అదే దేశం చేతికి తన కేసు అప్పజెప్పారన్నమాట.

రెండేళ్లకే, 1967 ఫిబ్రవరి 24న, కింగ్ కోఠీలో 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతిమయాత్రకు జనం పోటెత్తారు. కుటుంబంలో చాలా మందిలా మక్కా మసీదు ఆవరణలో కాకుండా, కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఆయన్ను ఖననం చేశారు. ఆ రోజుకి కూడా లండన్ డబ్బు లండన్‌లోనే ఉంది.

2019లో తాళం తీసింది ఎవరు?

తాళం తీసింది అనుకోకుండా పాకిస్తానే! 2013లో ఆ డబ్బు తమదేనని ఇంగ్లండ్ కోర్టులో బ్యాంకు మీద కేసు వేసింది. అలా తానే కోర్టుకి రావడంతో, తనను విచారించకూడదనే రక్షణ కవచం వదులుకున్నట్టయింది. 1957లో మూసుకున్న తలుపు మళ్లీ తెరుచుకుంది. అప్పటికి వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు కాస్తా నేషనల్ వెస్ట్‌మినిస్టర్ అయ్యింది. నిజాం మనవలు ముకర్రం జా, ముఫఖం జా, భారత ప్రభుత్వం ఒకవైపు నిలబడ్డారు.

2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు జడ్జి మార్కస్ స్మిత్ తీర్పు ఇచ్చారు. ఆయుధాల వ్యవహారంతో ముడిపెట్టి పాకిస్తాన్ చేసిన వాదన నిలబడలేదు. రహీంతుల్లా ఖాతాలోకి వెళ్లిన డబ్బు ఆయనకో, ఆయన దేశానికో ఇచ్చింది కాదు, నిజాం తరఫున నమ్మకంగా ఉంచింది మాత్రమే అని తేలింది. హక్కు నిజాం వారసులకు, భారత్‌కు దక్కింది. 10 లక్షల పౌండ్లు అప్పటికి వడ్డీతో 3.5 కోట్ల పౌండ్లు అయ్యాయి. మన లెక్కలో 300 కోట్ల రూపాయలకు పైనే.

ఆ వారసుల్లో పెద్దవారైన ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయారు. ఆయన్ను పాతబస్తీకి తీసుకొచ్చి, మక్కా మసీదులో పూర్వీకుల సమాధుల పక్కనే ఖననం చేశారు.

మరి మనకేంటి?

ఫోన్ పోతే సిమ్ బ్లాక్ చేయించడం, పాత ఫోన్ అమ్మే ముందు బ్యాంక్ యాప్‌లో లాగౌట్ అవడం, దుకాణంలో మానేసిన కుర్రాడి చేతిలో ఉన్న పాస్‌వర్డ్ ఆ రోజే మార్చడం.. ఇవన్నీ చిన్న పనులే అనిపిస్తాయి. కానీ ఎవరికి అధికారం ఇచ్చాం అన్నదానికంటే, ఇచ్చినదాన్ని ఎంత తొందరగా వెనక్కి తీసుకోగలం అన్నదే డబ్బును కాపాడుతుంది. కమాన్‌లో ఒక్క అక్షరం మార్చి తన రాజ్యంలోని ప్రతి రూపాయికీ గుర్తు వేయించిన నిజాం, లండన్‌లో ఒక్క పేరును టైమ్‌కి కొట్టేయించలేకపోయారు. ఆ 7 రోజుల తేడాకి 71 ఏళ్లు పట్టింది.